టెంకాయ పాలతో లంక టిఫిన్: తిరుపతిలో దొరికే సరుకులతోనే

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఆదివారం పొద్దున ఇంట్లో అందరికీ దీవుల రుచి తగిలే టిఫిన్ చేయాలి, అది కడుపు నిండేలా ఉండాలి. వీడియోల్లో చూస్తే అన్నీ హవాయి వంటలే, పైనాపిల్ ముక్కలు, డబ్బా పాలు, తిరుపతిలో దొరకని సాసులు. పైగా మీ అత్తామామలు నీచు ముట్టరు.

నన్నడిగితే హవాయి సంగతి వదిలేసి శ్రీలంక పట్టుకోండి. ఉద్యోగం కోసం కొన్నాళ్లు కొలంబోలో ఉన్నాను. అక్కడ ఇంటి ఓనరమ్మ పొద్దున పూట వండేవి చూసి నేర్చుకున్నాను, ఇప్పుడు తిరుపతిలో మా ఇంట్లో చేస్తున్నాను. టెంకాయ, బియ్యం, రాగిపిండి, ఎర్రగడ్డలు, ఒట్టిమిరపకాయలు, నిమ్మకాయ ఉంటే ముప్పాతిక పని అయినట్టే. మన చిత్తూరు వైపు ఇవి లేని ఇల్లు ఉంటుందా?

ముందు కిరిబత్. టెంకాయ పాలలో ఉడికిన అన్నం. సింహళీయులు ఏప్రిల్ నడుమ వచ్చే వాళ్ల కొత్త సంవత్సరానికి తప్పకుండా వండుతారు, చాలా ఇళ్లల్లో నెల మొదటి రోజున కూడా. పసిబిడ్డకు మొదటి ముద్ద పెట్టేదీ దీంతోనే. దీనికి బియ్యం అతుక్కోవాలి. మనం డబ్బు ఎక్కువిచ్చి పాత సోనామసూరి కొంటాం కదా, అది ఇక్కడ పనికిరాదు. అన్నం పొడిపొడిగా వస్తుంది, ముక్క నిలవదు. కొత్త పచ్చి బియ్యం అడిగి తెచ్చుకోండి, ధర కూడా తక్కువే.

గ్లాసు బియ్యానికి రెండున్నర గ్లాసుల నీళ్లు పోసి కుక్కర్లో మెత్తగా ఉడికించండి. పాలు మాత్రం కుక్కర్లో పోయొద్దు. మూత తీశాక, సన్న మంట మీద, గ్లాసుకు కొంచెం తక్కువగా చిక్కటి మొదటి పాలు (ఎలా తీయాలో చివర్లో చెప్తాను), ఉప్పు వేసి గరిటెతో కలుపుతూ ఉండండి. టెంకాయ పాలంటే నీళ్లలో సన్నసన్నగా కలిసి ఉన్న నూనె. తెర్లేంత మంట పెడితే దాంట్లోని మాంసకృత్తులు గడ్డకట్టి నూనె వేరైపోతుంది. తినొచ్చు గానీ ఆ నునుపు పోతుంది. పాలన్నీ అన్నం పీల్చుకున్నాక పళ్లెంలోనో అరిటాకు మీదో పోసి, ఇంకో ఆకుతో పైన అదిమి చదును చేయండి. ఓ పది నిమిషాలు ఆగితే గట్టిపడుతుంది. అప్పుడు మూలమట్టంగా కాకుండా ఏటవాలుగా, డైమండు ముక్కల్లా కోయాలి. నెయ్యి, మిరియాలు, జీడిపప్పు జోలికి పోకండి. మా మామ మొదటిసారి తిన్నప్పుడు "పొంగలి చప్పగా ఉందే" అన్నాడు. చప్పగానే ఉండాలి. కారమంతా పక్కన వస్తుంది.

ఆ పక్కన వచ్చేదే పోల్ సంబోల్. నా లెక్కలో ఈ టిఫిన్‌కు ప్రాణం ఇదే, దీని దగ్గర తొందరపడొద్దు. ఐదారు ఒట్టిమిరపకాయలు, కల్లుప్పు రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. గుప్పెడు చిన్న ఎర్రగడ్డలు వేసి నలగ్గొట్టండి. తర్వాత అర టెంకాయ తురుము వేసి, తురుమంతా ఎర్రబడేదాకా రోకలితో అదుముతూ తిప్పండి. దంచుడుకు తురుములోంచి పాలూరి కారాన్ని పట్టుకుంటాయి, రుచి అక్కడ పుడుతుంది. చివర్లో అరచెక్క నిమ్మరసం. మిక్సీలో వేస్తే మెత్తబడి ఇడ్లీ చట్నీ అయిపోతుంది. రోలు లేకపోతే చేత్తో గట్టిగా పిసకండి, అదే మేలు. తిరగమాత వేయరు. లంకలో దీంట్లో ఉంబలకడ అని మాల్దీవుల ఎండు చేప పొడి వేస్తారు. మీ ఇంట్లో కుదరదు కాబట్టి ఉప్పు, నిమ్మరసం ఒక పిసరు పెంచండి, సరిపోతుంది. దానికి బదులు వేయించిన చెనిక్కాయలు వేద్దామని అనిపిస్తుంది, వేశారంటే అది ఊరిమిండి (మన చెనిక్కాయల పచ్చడి) దారి పడుతుంది. నీచు తినేవాళ్లకు మాత్రం వేయించిన నెత్తళ్లు నాలుగు దంచి, వేరే గిన్నెలో కలిపి పెట్టండి.

ఇంకా బరువుగా ఉండాలంటే పోల్ రొట్టి చేయండి. అక్కడ రాగుల్ని కురక్కన్ అంటారు, ఆ పిండితోనూ ఈ రొట్టె కాలుస్తారు. సంగటి తిని పెరిగిన నాకు మొదటి రోజే నచ్చింది. ఒక గ్లాసు రాగిపిండి, ఒక గ్లాసు గోధుమపిండి, ఒక గ్లాసు తురుము, సన్నగా తరిగిన పచ్చిమిర్చి, ఎర్రగడ్డ, ఉప్పు. గోరువెచ్చని నీళ్లతో కలిపి, అరచేతి వెడల్పున మందంగా తట్టి, నూనె లేకుండా పెనం మీద నిదానంగా కాల్చండి. ఉత్త రాగిపిండితో అయితే అంచులు పగులుతాయి.

దీనికి జతగా పరిప్పు. మైసూరు పప్పును, అదే ఎర్రపప్పును, పసుపు, పచ్చిమిర్చి, ఎర్రగడ్డలతో పల్చటి రెండో పాలలో ఉడికించి, దించబోయే ముందు చిక్కటి పాలు పోసి, ఆవాలు, ఒట్టిమిరపకాయ, కరేపాకుతో తిరగమాత పెట్టడమే. వాళ్లు రంపె అనే వాసన ఆకు (పాండన్) కూడా వేస్తారు. నర్సరీలో మొక్క కనిపిస్తే తెచ్చి కుండీలో పెట్టుకోండి, లేదంటే దాని గురించి మర్చిపోండి.

పిల్లలు తీపి అడిగితే కిరిబత్ ముక్క పక్కన బెల్లం పెట్టండి. లంకలో కితుల్ బెల్లం పెడతారు, అది మన జీలుగ చెట్టు నుంచి తీసిన, పులియని తీపి నీరా కాచి చేసేది. మనకు తాటిబెల్లం దానికి దగ్గరగా ఉంటుంది. చిత్తూరు చెరకు బెల్లమూ బాగానే ఉంటుంది గానీ, తాటిబెల్లంలోని ఆ పొగవాసన రాదు. పండ్లంటారా, బొప్పాయి ముక్కల మీద నిమ్మరసం పిండితే చాలు. మే, జూన్‌లలో బెంగుళూర మామిడికాయ ముక్కలకు ఉప్పూ కారం అద్దినా ఈ టిఫిన్‌కు బాగా కలుస్తుంది. పైనాపిల్‌ను అన్నంలో కలపొద్దు, నాకైతే అస్సలు పడదు.

పాల సంగతి ఒక్క మాట. ఒక పెద్ద టెంకాయ తురుముకు వేడినీళ్లు కొంచెం పోసి మిక్సీలో తిప్పి గుడ్డలో పిండితే మొదటి పాలు, మళ్లీ నీళ్లు పోసి పిండితే రెండోవి. నలుగురికి కిరిబత్‌కూ పరిప్పుకూ కలిపి రెండు కాయలు, సంబోల్‌కూ రొట్టికీ ఇంకొకటి తెచ్చుకోండి. శనివారం రాత్రే పాలు పిండేస్తే ఫ్రిజ్‌లో పెట్టండి, పైన మీగడలా గడ్డకడుతుంది, పొద్దున కలిపితే సరి. సంబోల్ మాత్రం పొద్దున్నే దంచాలి, మధ్యాహ్నానికి ఖాళీ చేయాలి. మన ఎండలకు పచ్చి టెంకాయ సాయంత్రం దాకా ఆగదు.