హార్న్‌లు ఊదిన రాక్ బృందం

ప్రశ్న: సైకడెలిక్ రాక్ (మత్తులో కలిగే భ్రమలను తలపించే రాక్ సంగీతం) జోరుగా సాగిన 1960ల చివరి రోజుల్లో గిటార్‌తో పాటు ట్రంపెట్, శాక్సఫోన్ వినిపించిన బృందాలంటే అందరూ షికాగో పేరో, బ్లడ్ స్వెట్ అండ్ టియర్స్ పేరో చెబుతారు. వాటికి ముందు ఎవరూ లేరా?

జవాబు: ఉన్నారు. వారిలో నేను మొదట చెప్పే పేరు ఎలక్ట్రిక్ ఫ్లాగ్. అమెరికన్ గాయకుడు బాబ్ డిలన్ 1965లో రికార్డు చేసిన 'లైక్ ఎ రోలింగ్ స్టోన్' పాటకు గిటార్ వాయించిన షికాగోవాసి మైక్ బ్లూమ్‌ఫీల్డ్, పాల్ బటర్‌ఫీల్డ్ బ్లూస్ బృందం నుంచి బయటికి వచ్చి 1967లో దీన్ని కూర్చాడు. బ్లూస్, సోల్ వంటి అమెరికా సంగీత రీతులన్నీ ఒకే వేదిక మీద పలకాలన్నది ఆయన కోరిక. అందుకే సోల్ రికార్డుల్లో వినిపించే హార్న్ విభాగాన్ని, అంటే ట్రంపెట్, శాక్సఫోన్ వంటి ఊదే వాద్యాల జట్టును, బృందంలోనే చేర్చుకున్నాడు. డ్రమ్స్ బడ్డీ మైల్స్ వాయించగా, మార్కస్ డబుల్‌డే ట్రంపెట్, పీటర్ స్ట్రాజా టెనర్ శాక్సఫోన్ ఊదేవారు. ఆ ఏడాది జూన్‌లో కాలిఫోర్నియాలో జరిగిన మాంటెరీ పాప్ ఉత్సవంలో, రవిశంకర్ సితార్ కచేరీకి ముందురోజు, ఈ బృందం వేదిక ఎక్కింది. ఆ ఉత్సవం మీద తీసిన సినిమాలో మాత్రం వీరికి చోటు దక్కలేదు. వీరు మరుగున పడడానికి అదీ ఒక కారణమని నేను నమ్ముతాను.

1968 మార్చిలో వచ్చిన 'ఎ లాంగ్ టైమ్ కమిన్' ఆల్బమ్‌లో మొదటి పాట 'కిల్లింగ్ ఫ్లోర్'. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ గంభీరంగా ప్రసంగం ఎత్తుకోవడం, ఆ మాటల మీద పగలబడిన నవ్వులు, ఆ వెంటనే గిటార్, దాని వెన్నంటి హార్న్‌లు: వియత్నాం యుద్ధ కాలపు కోపమంతా ఆ కొద్ది క్షణాల్లోనే తెలిసిపోతుంది. హార్న్‌లు వెనక తందానా అంటూ ఊరుకోకుండా గిటార్ మాటకు మాట అప్పజెబుతాయి. దాదాపు 9 నిమిషాల 'అనదర్ కంట్రీ' నడుమ లయ చెదిరి, రకరకాల శబ్దాలు ఒకదానిపై ఒకటి పడుతుండగా, వాటిలోంచి బ్లూమ్‌ఫీల్డ్ గిటార్ తేటగా పైకి లేస్తుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం అదే.

కొందరు సభ్యుల మత్తుమందుల అలవాటు బృందాన్ని లోలోపల తినేసింది. 1968లోనే బ్లూమ్‌ఫీల్డ్ వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది షికాగో తొలి ఆల్బమ్ వచ్చింది, 1970లో బ్లడ్ స్వెట్ అండ్ టియర్స్ ఆల్బమ్ గ్రామీ గెలుచుకుంది. ఈ తోవ ముందే తొక్కిన ఎలక్ట్రిక్ ఫ్లాగ్ పేరు వెనకబడిపోయింది. 1974లో మళ్లీ కలిసి చేసిన ఆల్బమ్ పాత వెలుగు తేలేదు. బ్లూమ్‌ఫీల్డ్ 1981లో, 37 ఏళ్లకే కన్నుమూశాడు.

షికాగో ఆల్బమ్ మీ దగ్గరుంటే, ముందు 'కిల్లింగ్ ఫ్లోర్' విని ఆ తర్వాత దాన్ని పెట్టండి. రెంటిలోనూ ట్రంపెట్ ఎక్కడ అందుకుంటుందో గమనించండి.