ఏడుగురు ఎక్కాక సామాను ఎక్కడ? – కారు కొనేవారి ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా ఇంట్లో ఏడుగురం. అమ్మకు 78 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఇద్దరు బడిపిల్లలు. నెలకు ఒకటి రెండుసార్లు తిరుమలకు, అమ్మ వైద్యానికి వేలూరుకు, చెల్లెలి ఇంటికి బెంగళూరుకు వెళ్లి వస్తుంటాం. ఆన్‌రోడ్ ధర 25 లక్షలు దాటకుండా, విశాలంగా ఉండి, పదేళ్లపాటు ఇబ్బంది పెట్టని ఎస్‌యూవీ ఏది? మా తమ్ముడు సఫారీ అంటున్నాడు, బావమరిది స్కార్పియో-ఎన్ అంటున్నాడు.
— ఒక పాఠకుడు, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: మీ ఉత్తరంలో ఎస్‌యూవీ అన్న మాట కంటే ఏడుగురు అన్న మాటే ముఖ్యమైనది. షోరూములో సాధారణంగా మూడో వరుస సీట్లను మడిచిపెట్టి డిక్కీ తెరిచి చూపిస్తారు. అప్పుడు ఏ బండి అయినా విశాలంగానే కనిపిస్తుంది. ఆ సీట్లను నిలబెట్టమని మీరే అడిగి, ఆ తరువాత డిక్కీ చూడండి. స్కార్పియో-ఎన్‌లో మూడో వరుస లేపితే వెనుక ఒకటి రెండు చేతిసంచులకు మించి చోటు మిగలదు, సఫారీ పరిస్థితి కూడా అంతకంటే పెద్దగా మెరుగు కాదు. బెంగళూరుకు అందరూ బయలుదేరిన రోజున సూట్‌కేసులు క్యారియరుపై కట్టాలి, లేదా పిల్లల కాళ్ల దగ్గర ఇరికించాలి. ఇన్నోవాలో, అది క్రిస్టా అయినా హైక్రాస్ అయినా, అన్ని సీట్లూ లేచి ఉన్నప్పటికీ వెనుక సుమారు 300 లీటర్ల చోటు ఉంటుంది. ఇన్నోవాను కంపెనీవారు ఎస్‌యూవీ అనరు, ఎంపీవీ, అంటే ఎక్కువమంది ప్రయాణానికి చేసిన బండి, అంటారు. కానీ మీకు కావలసిన పని అదే చేస్తుంది కాబట్టి పేరు గురించి పట్టింపు అవసరం లేదు.

సీట్ల అమరిక మరొక మెలిక. మధ్య వరుసలో రెండు విడి సీట్లు ఉంటే, వాటి నడుమ సందులోంచి పిల్లలు వెనక్కి వెళ్లిపోతారు. వాళ్లు ఎక్కిదిగిన ప్రతిసారీ అమ్మగారు లేచి తప్పుకోవలసిన పని ఉండదు. సఫారీలోనూ, స్కార్పియో-ఎన్‌లోనూ విడి సీట్లు తీసుకుంటే మొత్తం ఆరుగురికే చోటు. ఏడుగురికి కావాలంటే మధ్యలో పొడవాటి బెంచీ సీటే వస్తుంది. ఇన్నోవాలో మాత్రం విడి సీట్లు ఉండి కూడా వెనుక ముగ్గురు కూర్చోవచ్చు. ఆ ముగ్గురిలో ఇద్దరు పిల్లలైతేనే సుఖం, ముగ్గురూ పెద్దలైతే గంట ప్రయాణానికే విసుగు వస్తుంది.

కొనేముందు అమ్మగారిని తప్పక షోరూముకు తీసుకువెళ్లండి. చీర కట్టుకున్న పెద్దావిడ తలుపు పక్కన పిడి పట్టుకుని, ఒక కాలు లోపల పెట్టి, రెండో కాలు పైకి లాక్కోవడానికి ఎంత కష్టపడుతున్నారో ఒక్కసారి చూస్తే, కంపెనీ కాగితాలలోని కొలతలు చెప్పలేని సంగతి తెలుస్తుంది. ఛాసిస్ అనే విడి ఉక్కు చట్రం మీద కట్టిన స్కార్పియో-ఎన్‌లో లోపలి నేల ఎత్తుగా ఉంటుంది, హైక్రాస్‌లో అంత ఎత్తు ఎక్కనక్కరలేదు.

ఇక కొండ దారి. తిరుమల నుంచి దిగే పాత ఘాట్ రోడ్డు 1944లో ప్రారంభమైంది, దాని మలుపులు ఇరుకు. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్న తితిదే నియమం మీకు తెలిసినదే. కాబట్టి వేగంగా పరుగెత్తే ఇంజిను కంటే, తక్కువ వేగంలో నిండు బరువును తడబడకుండా లాగే ఇంజిను మేలు. క్రిస్టా 2.4 లీటర్ల డీజిల్ ఇంజిను టార్కు, అంటే చక్రాలను తిప్పే లాగుడు బలం, 343 ఎన్ఎం (న్యూటన్ మీటర్లు), సఫారీది 350. హైక్రాస్‌లో హైబ్రిడ్ (పెట్రోలు ఇంజినుతోపాటు బ్యాటరీ మోటారు కూడా ఉన్నది) కాని పెట్రోలు రకానిది సుమారు 209. క్రిస్టాలో శక్తి వెనుక చక్రాలకు వెళుతుంది కనుక, మనుషులు నిండుగా ఉన్నప్పుడు ఎగువ దారిలో పట్టు బాగా దొరుకుతుంది. దిగేటప్పుడు ఏ బండిలోనైనా రెండో గేరులోనో మూడో గేరులోనో ఉంచి ఇంజినుతోనే వేగాన్ని అదుపు చేయాలి. అదేపనిగా బ్రేకు తొక్కుతూ దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు కోల్పోతాయి.

భద్రత విషయంలో మీ తమ్ముడినీ, బావమరిదినీ తప్పుపట్టలేము. బండ్లను ఢీకొట్టించి చూసే పరీక్షలలో, సఫారీకి భారత్ ఎన్‌క్యాప్‌లోనూ, స్కార్పియో-ఎన్‌కు గ్లోబల్ ఎన్‌క్యాప్‌లోనూ పెద్దల భద్రతకు 5 నక్షత్రాలు వచ్చాయి. మీరు నలుగురే అయి ఉంటే నేను కూడా సఫారీయే చెప్పేవాణ్ణి. ఏడుగురికి, పదేళ్లకు అంటే నా ఓటు క్రిస్టాకే. కొత్తగా సాంకేతిక హంగులేవీ లేని, ట్యాక్సీలుగా లక్షల కిలోమీటర్లు తిరిగి నిలిచిన బండి అది. రకాన్ని బట్టి ఎయిర్‌బ్యాగుల సంఖ్య మారుతుంది కాబట్టి, తక్కువ ధర రకాన్ని చూసి తొందరపడకండి. ఒక ఇబ్బంది ఉంది: క్రిస్టా ఇప్పుడు మాన్యువల్ గేరుతోనే వస్తున్నది. ఇంట్లో నడిపేవారికి ఆటోమేటిక్ తప్పనిసరి అయితే హైక్రాస్ పెట్రోలు చూడండి, హైబ్రిడ్ మీ 25 లక్షలలో రాదు.

డీజిల్ తీసుకుంటే ఒక జాగ్రత్త. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్6 డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ అనే వడపోత ఉంటుంది. రోజూ బడి, బజారు వరకే తిప్పితే అది మసితో నిండి హెచ్చరిక దీపం వెలుగుతుంది. మీరు వేలూరు, బెంగళూరు వెళుతున్నారు కనుక హైవే మీద ఆ మసి కాలిపోతుంది, మీకు పెద్ద బెంగ అక్కరలేదు.

ప్రశ్న: బెంగళూరులో 2018 నాటి క్రిస్టా ఒకటి చవకగా వస్తున్నది. కర్ణాటక నంబరు. తీసుకోవచ్చునా?
— ఒక పాఠకురాలు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: చవక అని మీకు చెప్పిన ధరలో మన రాష్ట్రపు జీవితకాల పన్ను కలిసి ఉండదు. అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తెచ్చి, ఇక్కడ పన్ను కట్టి, నంబరు మార్పించుకోవాలి. కర్ణాటకలో కట్టిన పన్నులో మిగిలిన భాగం వాపసు కోసం పాత యజమాని పేరుతో అక్కడే దరఖాస్తు చేయాలి కనుక, ఆయన సంతకాలు ముందే తీసుకోండి. బండిపై అప్పు ఉంటే, తీరినట్టు బ్యాంకు ఇచ్చే పత్రం, ఫారం 35 లేకుండా బయానా కూడా ఇవ్వవద్దు.

ఇన్నోవాలలో అసలు భయం మీటరు తిప్పడం, అంటే తిరిగిన కిలోమీటర్లను తగ్గించి చూపడం. ట్యాక్సీగా తిరిగి, తరువాత సొంత వాడకపు తెల్ల ప్లేటుకు మారిన బండ్లు ఉంటాయి. మీటరులో 60 వేలు చూపుతూ, క్లచ్ పెడలు రబ్బరు నున్నగా అరిగిపోయి, డ్రైవరు సీటు అంచు కుంగి ఉంటే ఆ అంకెను నమ్మకండి. సీటుబెల్టును పూర్తిగా బయటికి లాగితే మొదట్లో తయారీ సంవత్సరం చీటీ కనిపిస్తుంది. అది బండి సంవత్సరంతో కలవకపోతే బెల్టు ఎందుకు మార్చారో అడగండి, చాలాసార్లు పెద్ద ప్రమాదమే కారణం. కంపెనీ సర్వీసు సెంటరులో రిజిస్ట్రేషన్ నంబరుతో పాత సర్వీసుల వివరాలు యజమాని చేతనే తీయించండి. ఆయన అందుకు ఒప్పుకోకపోతే ఆ బండిని వదిలేయండి.

ప్రశ్న: మేము నలుగురం, పండుగలకు అమ్మానాన్నలు వస్తారు. ఎర్టిగా సీఎన్‌జీ సరిపోతుందా? కొండ ఎక్కుతుందా?
— ఒక పాఠకుడు, పుత్తూరు

జవాబు: ఎక్కుతుంది. అయితే గ్యాసు మీద నడిచేటప్పుడు ఇంజిను శక్తి పెట్రోలు కంటే తక్కువగా ఉంటుంది కనుక, ఆరుగురితో వెళ్లినప్పుడు అలిపిరి దగ్గరే బటను నొక్కి పెట్రోలుకు మార్చుకోండి. పెట్రోలు రకంలో మూడో వరుస వెనుక ఉండే 209 లీటర్ల చోటును ఇందులో సిలిండరే ఆక్రమిస్తుంది. సిలిండరుకు మూడేళ్లకొకసారి హైడ్రో పరీక్ష (నీటి ఒత్తిడితో గట్టిదనం చూసే పరీక్ష) చేయించాలి, ఆ తేదీని బీమా కాగితాలతోపాటు రాసిపెట్టుకోండి.