మీ ప్రశ్నలు: నానమ్మ రెండు చోట్ల ఎందుకుంది?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. గ్రాంప్స్ అనే వంశవృక్షాల సాఫ్ట్‌వేర్‌లో ఏడు తరాల వంశవృక్షం ఎక్కించాను, రెండొందల మంది పైనే. ఫైలు మెయిల్‌లో చుట్టాలందరికీ పంపితే టెక్కలి మావయ్య తెరుచుకోవట్లేదన్నారు, బరంపురం పిన్ని కొడుక్కి పేర్ల బదులు ప్రశ్నార్థకాలు కనిపించాయట. అక్కకి పటం ప్రింటు తీసిస్తే, నానమ్మ రెండు చోట్ల ఉందేంట్రా అని నవ్వింది. మా నాన్న సొంత అక్క కూతుర్నే చేసుకున్నారు లెండి. తప్పెక్కడుంది?

జవాబు: అందరికీ ఒకే ఫైలు పంపడమే తప్పు. మావయ్యగారికి కావలసింది చూసుకోవడానికి బొమ్మ, ఆయన ఫోన్లో గ్రాంప్స్ ఎందుకుంటుంది? ఆయనకి పీడీఎఫ్ పంపండి. పటం తీసేటప్పుడు ఏ4 అని వదిలేస్తే చెట్టు ముక్కలు ముక్కలుగా వస్తుంది, చెట్టుకు తగ్గట్టు కాగితాన్నే పెంచే ఆప్షన్ అక్కడే ఉంటుంది, అది టిక్ పెడితే ఒకటే పెద్ద పేజీ. పెళ్లిలో గోడకి కట్టాలనుకుంటే ఫ్లెక్సీ కొట్టేవాళ్లకి అదే ఇవ్వొచ్చు.

పిన్నిగారి అబ్బాయి ఇంకేదో సాఫ్ట్‌వేర్ వాడుతున్నట్టున్నాడు. అతనికి జెడ్‌కామ్ ఫైలు పంపాలి. ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి వంశాలు మార్చుకోవడానికి 1984లో మోర్మన్ చర్చివాళ్లు తెచ్చిన పద్ధతి అది, ఇప్పటికీ దాదాపు అన్నీ దాన్నే చదువుతాయి. పేర్ల చోట ఖాళీ డబ్బాలు కనిపిస్తే కంగారక్కర్లేదు, అక్షరాలు క్షేమం, ఫాంటు లేదంతే. ప్రశ్నార్థకాలైతే మాత్రం అక్షరాలు పోయినట్టే. గ్రాంప్స్ అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్-8 పద్ధతిలోనే రాస్తుంది కాబట్టి మీ దగ్గర పోయి ఉండవు, అవతల తెరిచి పాత పద్ధతిలో సేవ్ చేసి ఉంటారు. మళ్లీ పంపి, యూటీఎఫ్-8గానే తెరవమనండి. అన్నట్టు, జెడ్‌కామ్‌లో ఫొటోలు వెళ్లవు, అవి మీ కంప్యూటర్లో ఏ ఫోల్డర్లో ఉన్నాయో ఆ దారి మాత్రమే వెళ్తుంది. ఫొటోలు కూడా కావాలంటే, అవతల కూడా గ్రాంప్సే ఉంటే, గ్రాంప్స్ ప్యాకేజీగా పంపండి. 25 ఎంబీ దాటితే జీమెయిల్ దాన్ని డ్రైవ్ లింకు చేసేస్తుంది.

ఇక నానమ్మగారి సంగతి. అది తప్పు కాదు, మేనరికం! ఆవిడ మీకు నానమ్మ, మీ అమ్మగారికి అమ్మమ్మ. అందుకే నాన్నగారి వైపు ఒకసారి, అమ్మగారి వైపు ఒక తరం పైన ఇంకోసారి వస్తారు. మన ఇళ్లల్లో చెట్టు అంటాం గానీ కొమ్మలు వెళ్లి మళ్లీ మొదట్లోనే అతుక్కుంటాయి. మనుషుల జాబితాలో ఆవిడ పేరు ఒక్కసారే ఉందా చూడండి. రెండు నంబర్లతో రెండుసార్లు ఉంటేనే పొరపాటు, అప్పుడు విలీనం చేయాలి. కానీ తాత పేరు మనవడికి పెట్టుకునే అలవాటు మనది, పుట్టిన ఏడాది చూడకుండా కలిపేస్తే తాతా మనవడూ ఒకడైపోతారు. నేను ఓసారి చేశాను, విడదీయడానికి రెండు రాత్రులు పట్టింది.

ఇంకొక్క మాట. బతికున్నవాళ్ల పుట్టినరోజులూ, ఫోన్ నంబర్లూ అందరికీ పంపకండి. ఎగుమతి చేసేటప్పుడు బతికున్నవాళ్లని వదిలేసే వీలుంది, అది పెట్టుకోండి.

ప్రశ్న: ముత్తాత 1920లో పర్లాకిమిడిలో పుట్టారు. ఊరి దగ్గర గజపతి జిల్లా, ఒడిశా అని రాయొచ్చా? (అదే పాఠకుడు)

జవాబు: వద్దు. ఆయన పుట్టినప్పుడు అది మద్రాసు ప్రెసిడెన్సీ, గంజాం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒడిశాలోకి వెళ్లింది, గజపతి జిల్లా అయింది 1992 అక్టోబరులో. గ్రాంప్స్‌లో ఒకే ఊరిని ఏ తేదీల మధ్య ఏ జిల్లాలో ఉండేదో చెప్పి పెట్టుకోవచ్చు, ఊరు రెండుసార్లు రాయక్కర్లేదు. పేరుకి ఒడియా లిపిలో రెండో రూపం కూడా ఎక్కించండి, బరంపురంలో ఒడియా మీడియం చదివిన పిల్లలు అదే చదువుతారు.