జార్జియా చూడబోయే ముందు లైబ్రరీ కార్డు తీసుకోండి

గంగ జాతరకని ఈసారి మే నెలలో తిరుపతి వచ్చాను. కొర్లగుంటలో మా అమ్మ ఇంటికి రెండిళ్ల అవతల ఉండే అమ్మాయి, ఆమెను చేసుకున్న చిత్తూరు అబ్బాయి ఒక సాయంత్రం వచ్చి కూర్చున్నారు. పెళ్లయి ఏడాది కాలేదు. జూలైలో అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని అట్లాంటా వెళ్తున్నారు. అమ్మాయి ఫోన్లో ఒక జాబితా చూపించింది. సవానా, హెలెన్, టలూలా గార్జ్, స్టోన్ మౌంటెన్, అమికలోలా జలపాతం, జెకిల్ ఐలాండ్, ఓకిఫనోకి చిత్తడి. "అక్కా, మొదటి ఏడాదిలోనే ఇవన్నీ చూసేయాలి. ఏది ముందు, ఏది తర్వాత?" అని అడిగింది. "కారు అద్దెకు దొరుకుతుందా అక్కా" అన్నాడు అబ్బాయి. ఖర్చు ఎంతవుతుందని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. నాకు గుండె జారిపోయింది. ఆ రాత్రి వాళ్లకు చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను, వాళ్లలాగే బయలుదేరుతున్న మిగతావాళ్లకు కూడా పనికొస్తుందని.

మేము 2011 ఆగస్టులో వెళ్లాం. మా ఆయన ఒక్కరి జీతం. నాది డిపెండెంట్ వీసా, పని చేయడానికి లేదు. ఇప్పుడు అట్లాంటా దగ్గర కమింగ్ అనే ఊళ్లో సొంత ఇల్లుంది, ఇంటి అప్పు సగానికి పైగా తీరింది, తమ్ముడి చదువు కూడా మేమే చూశాం. ఎవరి దగ్గరా చేయి చాచలేదు. కాబట్టి నా మాట వినండి. మీ వయసులో నాకూ అన్నీ తెలుసనే అనిపించేది.

మొదటి తప్పు సవానా. వెళ్లిన ఏడు నెలలకు, 2012 మార్చిలో, ఇంకో తెలుగు జంటతో కలిసి కారు అద్దెకు తీసుకుని శుక్రవారం సాయంత్రం బయలుదేరాం. అట్లాంటా నుంచి సుమారు 250 మైళ్లు, నాలుగు గంటల దారి. గది బుక్ చేయలేదు. బస్టాండ్ దగ్గర దిగితే లాడ్జీలు ఉంటాయి కదా అన్న మన ఊరి లెక్క. తెల్లవారితే మార్చి 17, శనివారం, ఐర్లాండు వాళ్ల పండగ సెయింట్ పాట్రిక్స్ డే. సవానాలో ఐరిష్ వాళ్లు 1824 నుంచి ఊరేగింపు చేస్తున్నారు. అమెరికాలోనే పెద్ద ఊరేగింపుల్లో అదొకటి. ఆ రోజు ఎటు చూసినా ఆకుపచ్చ బట్టలే. గరుడసేవ రోజు తిరుపతిలో గది దొరకదని చిన్నప్పటి నుంచి చూస్తూ పెరిగినదాన్ని, వేరే ఊళ్లోనూ ఒక గరుడసేవ ఉండొచ్చని నాకు తట్టలేదు.

అర్ధరాత్రి దాకా తిరిగి, చివరికి నలభై మైళ్ల వెనక్కి వచ్చి హైవే పక్కన ఒక మోటెల్లో నలుగురం ఒకే గదిలో పడుకున్నాం. మామూలు రోజుల్లో అరవై డాలర్లుండే గదికి 210 తీసుకున్నారు. తెల్లారి ఊళ్లోకి వెళ్లి, ఖాళీగా కనబడిన వీధిలో కారు పెట్టాం. ఊరేగింపు కోసం ఆ వీధి ఖాళీ చేయించారని అక్కడ బోర్డు ఉంది. మేము చదవలేదు. తిరిగి వచ్చేసరికి కారు లేదు, టో చేసి తీసుకెళ్లిపోయారు. దాన్ని విడిపించుకోవడానికి డబ్బు, పెట్రోలు, తిండి, అన్నీ కలిపి మా వాటాకే 410 డాలర్లు. అప్పుడు డాలరు 50 రూపాయల దగ్గర ఉంది. ఇరవై వేల పైన. మా నాన్న ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యేనాటికి నెలకు అంత వచ్చేది కాదు. ఆ డబ్బు కొత్త క్రెడిట్ కార్డు మీద పడింది. మినిమం డ్యూ కడితే చాలనుకుని తొమ్మిది నెలలు అదే కడుతూ వచ్చాం. వడ్డీ ఎంత పోయిందో మా ఆయన లెక్క తీసిన రోజు మా ఇంట్లో అన్నం తినలేదు.

నిజానికి సవానా డబ్బున్నవాళ్ల ఊరేమీ కాదు. 1733లో పుట్టిన పాత ఊరు. మధ్యలో చిన్న చిన్న తోటల్లాంటి స్క్వేర్లు, మొత్తం 22. పెద్ద పెద్ద ఓక్ చెట్ల కొమ్మల నుంచి బూడిదరంగు నాచు జడల్లా వేలాడుతుంటుంది. రోజంతా నడిచి చూడొచ్చు, పైసా అడిగేవాళ్లు ఉండరు. జనవరిలోనో ఫిబ్రవరి మొదట్లోనో, వారం మధ్యలో సెలవు పెట్టి వెళ్లండి, మూడు నెలల ముందు గది బుక్ చేసుకుని. పండగ చూసి తీరాలి అంటే గది ఇంకా ముందుగా బుక్ చేసుకోండి.

రెండో తప్పు మీ జాబితాలో ఉన్న అమికలోలాయే. 729 అడుగుల జలపాతం. మన తలకోన 270. కింద నుంచి పైకి 604 మెట్లు అని చదివి నవ్వుకున్నాను. అలిపిరి దారిలో 3,550 మెట్లు పదిసార్లకు పైగా ఎక్కినదాన్ని. చీర కట్టుకుని, చెప్పులతో వెళ్లాను. 2012 అక్టోబరు చివర, ఆకులు ఎర్రగా పసుపుగా మారే రోజులు. చూడటానికి నిజంగా రెండు కళ్లూ చాలవు. దిగేటప్పుడు తడిసిన మెట్టు మీద చెప్పు జారి చీలమండ మెలికపడింది. ఎముక విరిగిందేమో అని టెన్షన్‌తో, ఇన్సూరెన్స్ ఉంది కదా అన్న ధైర్యంతో, నేరుగా ఒక పెద్ద ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లిపోయాం. ఎక్స్‌రే తీశారు, కట్టు కట్టారు, రెండు మాత్రలు ఇచ్చారు. ఎముక బాగానే ఉంది. ఆరు వారాల తర్వాత 1,800 డాలర్ల బిల్లు వచ్చింది. ఇన్సూరెన్స్ వాళ్లు ఇచ్చే ముందు మన చేతి నుంచి కట్టాల్సిన మొత్తం ఒకటి ఉంటుందని, దాన్ని డిడక్టబుల్ అంటారని ఆ రోజే తెలిసింది. 95 వేల రూపాయలు! అదే పని అర్జెంట్ కేర్ అనే చిన్న క్లినిక్‌లో చాలా తక్కువలో అయిపోయేది. ప్రాణం మీదికొస్తే ఎమర్జెన్సీకి వెళ్లాలి, డబ్బు చూడకూడదు. కాలు మెలికపడితే అర్జెంట్ కేర్. బిల్లు వచ్చినా బెదిరిపోయి వెంటనే కట్టేయకండి. ఫోన్ చేసి, దేనికెంతో విడివిడిగా రాసిన బిల్లు అడగండి. మాకు అట్లా అడిగాకే వడ్డీ లేకుండా నెలనెలా కట్టుకోనిచ్చారు. అమ్మానాన్నలను తీసుకెళ్లి ఇవన్నీ చూపిస్తామనుకునేవాళ్లు వాళ్లకు ట్రావెల్ ఇన్సూరెన్స్ లేకుండా ఇంటి గడప దాటించొద్దు.

ఇప్పుడు పాసుల సంగతి. ఇది ఎవరూ చెప్పరు. జార్జియా స్టేట్ పార్కుల్లో మనిషికి టికెట్ ఉండదు, కారు పార్కింగుకే డబ్బు. అప్పట్లో రోజుకు 5 డాలర్లు. ఐదేగా అని ప్రతిసారీ కడుతూ వచ్చాను. రెండేళ్లకు కారు డాష్‌బోర్డు సర్దుతుంటే 23 రసీదులు దొరికాయి. 115 డాలర్లు. రెండేళ్లూ ఏడాది పాస్ తీసుకున్నా అంతకన్నా తక్కువే అయ్యేది. అంతకన్నా బాధ, పాప కోసం బొమ్మల పుస్తకాలు తేవడానికి లైబ్రరీకి వెళ్తే, ఆ పార్కింగ్ పాస్ పుస్తకం ఇచ్చినట్టే ఉచితంగా ఇస్తారని అక్కడ కూర్చున్న పెద్దావిడ చెప్పింది. అందుకే అపార్ట్‌మెంట్ లీజు కాగితం చేతికి రాగానే దాన్ని తీసుకుని మీ కౌంటీ (మన జిల్లా లాంటిది) లైబ్రరీకి వెళ్లండి. కార్డుకు డబ్బు తీసుకోరు. పాసులు కొన్నే ఉంటాయి, ముందుగా అడిగి పెట్టుకోవాలి. ఆ పాస్ స్టోన్ మౌంటెన్‌లో చెల్లదు, అది వేరే సంస్థ కింద ఉంది. కెనెసా మౌంటెన్ కేంద్ర ప్రభుత్వానిది, దానికి ఇంకో రకం పాస్. ఈ మూడింటినీ కలగలిపి గేటు దగ్గర వాదించిన తెలుగువాళ్లను చాలామందిని చూశాను. ఫీజులు మారుతుంటాయి, వెళ్లే ముందు ఆయా పార్కుల వెబ్‌సైట్లో చూసుకోండి.

ఆ ఒక్క లైబ్రరీ పాస్‌తో టలూలా గార్జ్ కూడా అయిపోతుంది. దాదాపు వెయ్యి అడుగుల లోతు లోయ, మధ్యలో ఊగే వంతెన. లోయ అడుగుకు దిగడానికి రోజుకు వంద మందికే అనుమతి ఇస్తారు, దానికి వేరే డబ్బు లేదు. పొద్దున్నే వెళ్లాలి. ప్రావిడెన్స్ కాన్యన్ మీ జాబితాలో లేదు, కానీ మన రాయలసీమ వాళ్లు తప్పకుండా చూడాలి. ఎర్రమట్టి గోడలు, కొన్నిచోట్ల 150 అడుగుల లోతు. నది తొలిచింది కాదు. 1800ల్లో రైతులు అడవి కొట్టి, నేలను కాపాడుకోకుండా దున్నితే వాన నీరు మట్టిని కోసుకుపోయి అట్లా అయింది. అక్కడ నిలబడితే మా తాత పీలేరు దగ్గర పొలంలో గట్లు వేయించడానికి ఎందుకంత పట్టుబట్టేవాడో అర్థమైంది.

మిగతావి త్వరగా చెబుతాను. మేకన్‌లో మార్చి చివర మూడు లక్షలకు పైగా చెర్రీ చెట్లు పూస్తాయి, వీధుల్లో తిరిగి చూడటానికి ఖర్చు లేదు. హెలెన్ జర్మనీ ఊరిలా కట్టుకున్న పల్లె, 1970 నుంచి అక్టోబర్‌ఫెస్ట్ అనే జర్మన్ బీరు పండగ చేస్తున్నారు. ఆ వారాల్లో పార్కింగు, గదులు అన్నీ మండిపోతాయి, మంగళవారం వెళ్లి మంగళవారమే తిరిగి రండి. జెకిల్, ఓకిఫనోకి చాలా దూరం, రెండో ఏడాదికి వదిలేయండి, మొసళ్లు ఎక్కడికీ పోవు. రివర్‌డేల్ గుడిలో వేంకటేశ్వర స్వామి ఉన్నాడు, తిరుపతి వాళ్లకు చెప్పక్కర్లేదు.

నీళ్ల విషయంలో మాత్రం డబ్బు మాట పక్కన పెడతాను. లేక్ లానియర్ పైకి ప్రశాంతంగా కనబడుతుంది. ఆ సరస్సుకు కట్టిన బ్యూఫర్డ్ డ్యాం కింద నది నీళ్లు ఎండాకాలంలో కూడా ఒళ్లు కొంకర్లు పోయేంత చల్లగా ఉంటాయి. నీళ్లు వదిలే ముందు సైరన్ మోగిస్తారు, అది వినగానే ఒడ్డెక్కాలి. ఈత వచ్చినా సరే లైఫ్ జాకెట్ తీయొద్దు. మన పిల్లల శవాలు ఇంటికి పంపడానికి చందాలు వసూలు చేసిన వాళ్లలో నేనూ ఉన్నాను.

రూపాయల్లోకి మార్చి చూడటం మానేయండి, లేకపోతే అక్కడ బతకలేరు అని అందరూ చెబుతారు. నేను మార్చమనే చెబుతాను. కనీసం రెండేళ్లు. డాలరు ఇప్పుడు 80 దాటి చాలా కాలమైంది. అబ్బాయి ఉద్యోగం పోతే మూడు నెలలు నడిచేంత డబ్బు బ్యాంకులో వేసుకున్నాకే సవానా గది గురించి ఆలోచించండి.

ఇదంతా విన్నాక అమ్మాయి ఫోన్లో జాబితా తెరిచి, జెకిల్, ఓకిఫనోకి తీసేసి, లైబ్రరీ అని పైన రాసుకుంది. అబ్బాయి బూట్ల గురించి అడిగాడు. నడకకు పట్టు ఉండే బూట్లు ఇక్కడే గాంధీ రోడ్డులో కొనుక్కుని, వెళ్లేలోపు ఒకసారి తలకోన వెళ్లి జలపాతం దాకా నడిచి రమ్మన్నాను. ఆదివారం వెళ్లి వచ్చారు. అబ్బాయికి మడమ మీద బొబ్బలు లేచాయట, ఒక సైజు పెద్దది మార్చి తెచ్చుకున్నాడు.