‘నిశాని’ ఇంటిపేరు కాదు

సందేహం: గుంటూరు జిల్లాలోని మా ముత్తాతగారి పాత అమ్మకపు దస్తావేజులో ‘కీలక సం. కార్తీక బ. 5, ఫసలీ 1318’ అని ఉంది. చివర ఆయన పేరు పక్కన ‘నిశాని’ అనీ, ఇంకొకరి పేరు ముందు ‘దస్తూరి’ అనీ ఉన్నాయి. ఇవి ఇంటిపేర్లా? ఇది ఏ సంవత్సరపు పత్రం? మా అమ్మమ్మ వైపు నల్గొండ కాగితాలకూ ఇదే లెక్క పనికొస్తుందా?

సమాధానం: రెండూ ఇంటిపేర్లు కావు. సంతకం రానివారు పెట్టే గీత, ఇంటూ గుర్తు, వేలిముద్ర – వీటిలో ఏదైనా నిశానే. సంతకం చేసినవారి పేరు దగ్గర ‘వ్రాలు’ అని ఉంటుంది. వ్రాలు కనిపించగానే మనిషి చదువరి అనుకోనక్కర్లేదు. సంతకం వరకే నేర్చుకున్నవారు ఎందరో.

దస్తూరి అంటే చేతిరాత. ఆ పేరుగలాయన పత్రం రాసిన లేఖరి, తరచుగా ఊరి కరణం. ఆయనను బంధువుల జాబితాలో చేర్చకండి. అయితే మీ ముత్తాత పేరు వర్ణక్రమం ఆయన చెవిన పడ్డ తీరే. ఒక పత్రంలో సుబ్బయ్య, మరోదానిలో సుబ్బన్న అని ఉంటే ఇద్దరు మనుషులని తేల్చేయకుండా తండ్రి పేరు, ఊరు, పొలం హద్దులు సరిచూడండి. హద్దుల్లో మీ ఇంటిపేరే వస్తే, పంచుకున్న అన్నదమ్ములేమో చూడాలి. తండ్రి పేరు ముందు ‘కీ.శే.’ ఉంటే ఆయన అప్పటికే గతించారు. లేనంత మాత్రాన బతికున్నారని చెప్పలేం.

ఇక తేదీ. కీలక అరవయ్యేళ్లకోసారి వస్తుంది: 1848, 1908, 1968. వీటిలో ఏదో ఫసలీ (భూమిశిస్తు లెక్కల సంవత్సరం) తేలుస్తుంది. మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) జిల్లాల్లో ఫసలీకి 590 కలిపితే వచ్చే ఇంగ్లీషు ఏడాది జులై 1 నుంచి మరుసటి జూన్ 30 వరకు ఆ ఫసలీ. అంటే 1318 అన్నది 1908 జులై – 1909 జూన్. ‘బ.’ బహుళ పక్షం. కార్తీక బహుళ పంచమి 1908 నవంబరులో పడింది. సంవత్సరం పేరూ ఫసలీ పొసగకపోతే గొలుసుకట్టు రాతలో ఏదో అంకె తప్పు చదివారేమో చూడండి. తెలుగు అంకెలైతే ముందుగా ౨, ౩లను అనుమానించండి.

పత్రం వెనుక రిజిస్ట్రారు రాతలో పుస్తకం, వాల్యూం, పుటల సంఖ్యలు ఉంటే సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో నకలు అడగవచ్చు. స్థిరాస్తి దస్తావేజులు ఒకటో పుస్తకంలో ఉంటాయి. దాని పేర్ల సూచికలో ఇంటిపేరుతోనూ అసలు పేరుతోనూ వెతకండి. వెనుక ఏ రాతా లేకపోతే కంగారు వద్దు: అప్పట్లో వంద రూపాయలలోపు అమ్మకాలకు రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు.

నల్గొండ లెక్క వేరు. నిజాం రాజ్యపు ఫసలీ అక్టోబరులో, ఆజర్ నెలతో మొదలయ్యేది. 1908 ఆగస్టు మీ గుంటూరు పత్రంలో 1318 అయితే, నల్గొండ కాగితంలో ఇంకా 1317. అక్కడ తిథికి బదులు దై, బహమన్ వంటి నెలల పేర్లు కనిపిస్తే వాటినీ ఇంటిపేర్లుగా చదవకండి.