కడపలో ఎంఎస్సీ నర్సింగ్ చదువుతున్నాను. క్యాన్సర్ రోగుల సంతాన సామర్థ్యాన్ని కాపాడే రంగంలో రాయలసీమలో నర్సు చేయగల పని, పరిశోధన ఏమైనా ఉన్నాయా?

చాలా ఉన్నాయి. అండాలను, వీర్యాన్ని ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల దగ్గర నిలవ ఉంచే ల్యాబు పక్కన లేకపోతే నర్సుకు ఇందులో పనేముంటుందన్న సందేహం మీకు ఉండవచ్చు. కర్నూలులో చాలా ఏళ్లుగా కీమో వార్డులో పనిచేస్తున్న నర్సుగా చెబుతున్నాను. ల్యాబు కోసం హైదరాబాదుకో బెంగళూరుకో రాత్రి బస్సెక్కి వెళ్లవచ్చు. మొదటి కీమో ఎక్కించక ముందే రోగిని పక్కకు పిలిచి, ‘ముందు ముందు పిల్లలు కావాలనుకుంటున్నారా?’ అని అడిగే మనిషే మన దగ్గర కరువు.

ముందే అని ఎందుకు అంటున్నానంటే, సైక్లోఫాస్ఫమైడ్ లాంటి కీమో మందులు అండాశయంలో ఉన్న అండాల నిల్వను తరిగించేస్తాయి. పోయిన అండాలు మళ్లీ పుట్టవు. మగవారికైతే కీమోకు ముందు వీర్యం ఇవ్వడం ఒకటి రెండు రోజుల్లో అయ్యే పని. ఆడవారికి ఇంజెక్షన్లు ఇచ్చి అండాలు తీయడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. ఒకప్పుడు నెలసరి వచ్చేదాకా ఆగేవారు, ఇప్పుడు ఏ రోజైనా మొదలుపెట్టవచ్చు. రొమ్ము క్యాన్సర్ ఉన్నవారికి ఈస్ట్రోజెన్ పెరగకుండా లెట్రోజోల్ మాత్రలు కూడా ఇస్తారు. అంటే బయాప్సీ రిపోర్టుకూ మొదటి కీమోకూ మధ్య ఉన్న ఆ కొద్ది రోజులే మన చేతిలో ఉన్నవి. తీవ్రమైన రక్త క్యాన్సర్‌లో ఆ వ్యవధి కూడా తరచుగా ఉండదు. అలాంటప్పుడు ఆశ పెట్టకుండా నిజం చెప్పాలి. అండాలు దాచుకున్నంత మాత్రాన బిడ్డ ఖాయమని కూడా ఎవరికీ చెప్పకండి.

వార్డులో ఈ మాట ఎత్తడమే కష్టం. డోన్ వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడికి వృషణ క్యాన్సర్. తల్లి పక్కన ఉన్నంతసేపూ ఏమడిగినా తల దించుకునే ఉన్నాడు. ఆమెను రిపోర్టులు తెమ్మని పంపి, మా వార్డులోని మగ నర్సును అతని దగ్గర కూర్చోబెట్టాక ఒక్కసారిగా నోరు విప్పాడు. ఎన్నాళ్లు నిలవ ఉంటుంది, ఎంత ఖర్చవుతుంది, పెళ్లి చూపుల్లో చెప్పాలా అని వరుసగా అడిగాడు. అతను ఆలోచించని విషయం లేదు. అడగడానికి చోటు దొరకలేదంతే.

పెళ్లి కాని ఆడపిల్లల దగ్గర చిక్కు ఇంకా ఎక్కువ. ‘ముందు పిల్ల బతకనీ సిస్టర్’ అంటారు తల్లిదండ్రులు. ఆ మాటను నేను ఎప్పుడూ కాదనను. దాని వెనుక, ఊళ్లో తెలిస్తే సంబంధాలు రావన్న భయం ఉంటుంది. అండాశయాన్ని చూసే స్కాన్ యోని లోపలి నుంచి చేస్తారేమోనన్న జంకూ ఉంటుంది. స్కాన్ పొట్ట మీద నుంచి కూడా చేయవచ్చని చెబితే చాలామంది తల్లులు అప్పుడు కుదురుగా కూర్చుని మిగతాది వింటారు. అండాలు తీసే పద్ధతి గురించి మాత్రం సంతాన సాఫల్య డాక్టరుతోనే ముందుగా మాట్లాడించాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆ అమ్మాయిని విడిగా అడగడం. శరీరం ఆమెది.

ఇక పరిశోధన సంగతి. అమెరికాలోని క్యాన్సర్ వైద్యుల సంఘం ఆస్కో, చికిత్సకు ముందే ఈ విషయం రోగితో మాట్లాడాలని 2006లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అక్కడి నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో పరిశోధకురాలు టెరెసా వుడ్రఫ్ ఈ పని కోసం క్యాన్సర్ వైద్యులను, సంతాన వైద్య నిపుణులను, ప్రయోగశాల శాస్త్రవేత్తలను ఒక వేదిక మీదికి తెచ్చారు. నాకు మరీ దగ్గరగా అనిపించేది ఫ్లోరిడాలోని మాఫిట్ క్యాన్సర్ కేంద్రంలో గ్వెండొలిన్ క్విన్, సుసాన్ వదపరంపిల్ చేసిన పని. క్యాన్సర్ వార్డు నర్సుల కోసమే ఎన్‌రిచ్ అనే ఆన్‌లైన్ శిక్షణ తయారు చేశారు. ఈ సంభాషణ నర్సు నేర్చుకోవలసిన విద్య అని వాళ్లు గుర్తించారు.

మీ థీసిస్‌కు నేను సూచించేది ఇది. కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని, 40 ఏళ్లలోపు రోగుల కేస్ షీట్లలో మొదటి కీమోకు ముందు ఈ విషయం మాట్లాడినట్టు ఒక్క వాక్యమైనా రాసి ఉందేమో చూడండి. తర్వాత వార్డు నర్సులతో మాట్లాడి, వాళ్లను ఆపుతున్నది సిగ్గా, సమయమా, సమాచారం లేకపోవడమా అని తెలుసుకోండి. ల్యాబు లేకుండానే చేయగల పని, మన జిల్లాలకు తప్పకుండా పనికొచ్చేదీను.

థీసిస్ కోసం ఆగకుండా వెంటనే చేయగలిగినది ఒకటుంది. సంతాన సాఫల్య చికిత్సలను నియంత్రించే 2021 నాటి కేంద్ర చట్టం కింద నమోదైన కేంద్రాల్లో క్యాన్సర్ రోగులను త్వరగా చూసేవి ఏవో ఫోను చేసి కనుక్కోండి. ఖర్చు, నిలవకు ఏటా కట్టవలసిన రుసుము, తీసుకెళ్లవలసిన కాగితాలు అన్నీ ఒక పేజీలో తెలుగులో రాసి మీ వార్డులో ఉంచండి. ఆ చట్టం ఈ సేవలకు కనీస వయసు 21 అని పెట్టింది కాబట్టి, 17, 18 ఏళ్ల పిల్లల విషయంలో ఏం చేస్తారో కూడా అప్పుడే అడిగి రాసుకోండి. మీ గైడ్ ఈ అంశానికి ఒప్పుకుంటే ఇక్కడే చెప్పండి. నర్సుల కోసం మీరు తయారుచేసే ప్రశ్నావళిని చదివి, వార్డులో నోటికి రాని మాటలుంటే గుర్తుపెట్టి పంపుతాను.