రూట్ లోపల రూట్: ఆ ఒకటి ఎటు పోయింది?

ప్రశ్న: సార్, నేను ఇంటర్ ఫస్టియర్. √(ఎక్స్ + √ఎక్స్) ని డిఫరెన్షియేట్ చేస్తే నాకు 1/(2√(ఎక్స్ + √ఎక్స్)) × 1/(2√ఎక్స్) వస్తోంది, పుస్తకం వెనక ఆన్సర్ వేరేగా ఉంది. √√ఎక్స్ కి ఇలాగే చేస్తే కరెక్టుగానే వచ్చింది. రూట్ కింద రూట్ కనబడితేనే టెన్షన్. తప్పెక్కడ సార్?
– ఒక విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: చూడమ్మా, చైన్ రూల్, అంటే బయటిదాన్ని డిఫరెన్షియేట్ చేసి లోపలిదాని అవకలజంతో (డిఫరెన్షియేట్ చేస్తే వచ్చేదానితో) గుణించడం, నీకు వచ్చు. బయటి రూట్‌ని సరిగ్గానే చేశావు. ఆ తర్వాత గుణించాల్సింది బ్రాకెట్ మొత్తం అవకలజంతో, నువ్వేమో లోపల కనబడిన రూట్ ఒక్కదాన్నే పట్టుకున్నావు. బ్రాకెట్‌లో ఎక్స్ విడిగా కూడా ఉంది కదా, దాని అవకలజం 1. అది కలిపితే రెండో ముక్క 1 + 1/(2√ఎక్స్) అవుతుంది. అంతే, పుస్తకంలో ఆన్సర్ అదే, కాకపోతే వాళ్లు హారాలు కలిపేసి (2√ఎక్స్ + 1)/(4√ఎక్స్ √(ఎక్స్ + √ఎక్స్)) అని రాసి ఉంటారు.

మేం లెక్చరర్లం క్లాసులో "ఉల్లిపాయ పొరలు ఒలిచినట్టు ఒలవండి" అంటుంటాం, నన్నడిగితే పిల్లల్ని ముంచేది ఆ పోలికే. ఉల్లిపాయలో పొర కింద పొర తప్ప ఇంకేమీ ఉండదు, √√ఎక్స్ అచ్చం అలాంటిది, అందుకే నీ పద్ధతి అక్కడ పనిచేసింది. ఇక్కడ మొదటి పొర తీయగానే ఒక ఎక్స్, దాని పక్కన ఇంకో రూట్, మధ్యలో ప్లస్ ఉన్నాయి. ప్లస్ కనబడితే రెండు ముక్కల్నీ విడివిడిగా డిఫరెన్షియేట్ చేసి కలపాలి, ఆ మొత్తాన్ని బ్రాకెట్‌లో పెట్టాకే బయటిదానితో గుణించాలి. √(ఎక్స్ + √(ఎక్స్ + √ఎక్స్)) ఇచ్చినా ఇదే వరస, ఈసారి "1 +" రెండుసార్లు వస్తుంది, ఒకటి ఇంకోదాని లోపల.

రూట్లంటే అంత భయమైతే వాటిని వదిలించుకో. వై = √(ఎక్స్ + √ఎక్స్) అనుకుని రెండు వైపులా వర్గం చెయ్యి: వై² = ఎక్స్ + √ఎక్స్. ఇప్పుడు డిఫరెన్షియేట్ చేస్తే 2వై × డీవై బై డీఎక్స్ = 1 + 1/(2√ఎక్స్). ఇందులో ఆ 1 ని మర్చిపోదామన్నా కుదరదు. నేనైతే పరీక్షలో ఇలాగే చేస్తాను.

ఈఏపీసెట్‌లో క్యాలిక్యులేటర్ ఉండదు కాబట్టి ఇంకో చిట్కా. ఎక్స్ = 1/9 పెట్టు: లోపలి రూట్ 1/3, బ్రాకెట్ 4/9, బయటి రూట్ 2/3, ఎక్కడా దశాంశాలు రావు. సరైన జవాబు 3/4 × 5/2 = 15/8, నీది 3/4 × 3/2 = 9/8. ఆప్షన్లలో 1/9 వేసి చూస్తే ఏది తప్పో అప్పుడే బయటపడుతుంది. ఒక్క జాగ్రత్త, ఎక్స్ = 0 మాత్రం పెట్టకు, అక్కడ హారం సున్నా అయిపోతుంది, అవకలజమే లేదు.

అన్నట్టు, చైన్ రూల్‌ని మొదట వాడినట్టు కనబడేది జర్మన్ గణితవేత్త లైబ్నిజ్, 1676 నాటి రాతలో. ఆయన తీసుకున్నదీ రూట్ లెక్కే, రూట్ కింద ఒక వర్గ సమాసం. అందులో గుర్తు ఒకటి తప్పు పడింది కూడా!

ప్రశ్న: మా అబ్బాయి √(ఎక్స్ + √(ఎక్స్ + √(ఎక్స్ + ...))) అంటూ అంతు లేకుండా పోయే లెక్క తెచ్చాడండీ. చైన్ రూల్ ఎన్నిసార్లు వేయాలి?
– ఒక తండ్రి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఒక్కసారి చాలండి. మొత్తాన్ని వై అనుకుంటే, మొదటి రూట్ లోపల ఎక్స్ పక్కన ఉన్నది మళ్లీ అదే వై. అంటే వై² = ఎక్స్ + వై. డిఫరెన్షియేట్ చేస్తే డీవై బై డీఎక్స్ = 1/(2వై − 1). జవాబులో వై మిగిలిపోయిందని అబ్బాయి కంగారు పడతాడేమో, ఆప్షన్లలో సాధారణంగా అలాగే ఇస్తారు. ఎక్స్ = 2 అయితే వై² = 2 + వై, ధన విలువ వై = 2, అవకలజం 1/3. నమ్మకం కుదరకపోతే √2 తో మొదలుపెట్టి, వచ్చినదానికి 2 కలిపి మళ్లీ రూట్ తీయమనండి: 1.414, 1.848, 1.962... అలా 2 కి దగ్గరవుతూ పోతుంది.